అగ్నిమాపక సేవలో భద్రతా సంస్కృతి

అగ్నిమాపక సేవలో భద్రతా సంస్కృతి అనగా మంటలార్పే సిబ్బంది తమ ప్రాణరక్షణ నియమాలను పాటిస్తూ పనిచేయడాన్ని వృత్తి నైపుణ్యంగా గుర్తించి, మెచ్చుకొని, ప్రోత్సహించే విధానం. ముందువెనుకలు చూడకుండా మంటల్లోకి దూకడమే ధైర్యమనే పాత భావనకు ప్రత్యామ్నాయంగా ఇది 20వ శతాబ్దపు చివరి దశాబ్దాలలో, ముఖ్యంగా అమెరికా సంయుక్త రాష్ట్రాలలో, రూపుదిద్దుకున్నది. "బతికుంటే బలుసాకు తినవచ్చు" అనే ధోరణి ఇది కాదు. కాపాడగలిగిన మనిషి లోపల ఉన్నప్పుడు సిబ్బంది పెద్ద ప్రమాదానికైనా సిద్ధపడాలని ఈ విధానం కూడా చెబుతుంది. అయితే లోపల ఎవరూ లేని చోట, లేదా ఉన్నవారిని కాపాడే అవకాశం మిగలని చోట ప్రాణం పోగొట్టుకోవడాన్ని ఇది శౌర్యంగా పరిగణించదు.

శౌర్య పతకాలు, వాటి పరిమితి

అగ్నిమాపక దళాలలో సాహసానికి పతకాలివ్వడం పాత ఆచారం. న్యూయార్కు నగర అగ్నిమాపక శాఖలో 1869లోనే జేమ్స్ గోర్డన్ బెనెట్ పేరిట శౌర్య పతకాన్ని నెలకొల్పారు. 2020లో ఆ పేరును తొలగించి, 2001 సెప్టెంబరు 11 దాడులలో మరణించిన ఆ శాఖ ఉన్నతాధికారి పీటర్ గాన్సీ పేరు పెట్టారు. ఇటువంటి పతకాలు చాలా నగరాలలో ఉన్నాయి. తెలుగు పత్రికల అగ్నిప్రమాద వార్తలలో "ప్రాణాలకు తెగించి", "ప్రాణాలను పణంగా పెట్టి" అనే మాటలు సిబ్బందికి దక్కే అత్యున్నత ప్రశంసలు. "సమయానికి వెనక్కి తగ్గి" అనే మాట ప్రశంసగా ఎక్కడా కనిపించదు.

ఈ ఆచారంలో ఒక చిక్కు ఉన్నది. పతకం ఫలితాన్ని చూసి ఇస్తారు, నిర్ణయాన్ని చూసి కాదు. గాలి సిలిండరు ఖాళీ అవుతున్నా బయటకు రాకుండా వెతికిన ఉద్యోగికి మనిషి దొరికితే పతకం వస్తుంది. దొరకక అతడే మరణిస్తే అమరుడవుతాడు. రెండు సందర్భాలలోనూ అతడు చేసిన పని ఒక్కటే, రెండింటిలోనూ గౌరవమే దక్కింది. పైకప్పు కుంగుతున్నట్లు గమనించి తన బృందాన్ని రెండు నిమిషాల ముందు బయటకు రప్పించిన అధికారికి మాత్రం ఏమీ రాదు. జరగని ప్రమాదం ఏ నివేదికలోనూ నమోదు కాదు. కొత్తగా చేరిన ఉద్యోగి ఈ తేడాను కొద్ది నెలలలోనే గ్రహిస్తాడు. శిక్షణలో నేర్పిన నియమాలకంటే కేంద్రంలో ఎవరిని గొప్పగా చెప్పుకుంటారన్నదే అతని ప్రవర్తనను నిర్ణయిస్తుంది. భద్రతా నియమాలు పుస్తకాలలో ఉండి కూడా ఆచరణలోకి రాకపోవడానికి ఇది ప్రధాన కారణాలలో ఒకటి.

వూస్టర్ గిడ్డంగి ప్రమాదం

ఈ విషయంలో తరచుగా ఉదహరించే సంఘటన 1999 డిసెంబరు 3న మసాచుసెట్స్ రాష్ట్రంలోని వూస్టర్ నగరంలో జరిగింది. అక్కడ పదేళ్లకు పైగా ఖాళీగా పడి ఉన్న ఆరంతస్తుల శీతల గిడ్డంగి అంటుకున్నది. 1906లో కట్టిన ఆ భవనానికి కిటికీలు దాదాపు లేవు. లోపలి చలి బయటకు పోకుండా గోడలకు బెండు, తారు, ఆపై ప్లాస్టిక్ నురుగు పొరలు పొరలుగా పట్టించారు. ఇవన్నీ తేలికగా అంటుకొని దట్టమైన నల్లటి పొగను ఇచ్చేవే. లోపల గదులు, తలుపులు గజిబిజిగా ఉండేవి.

ఆ భవనంలో తలదాచుకుంటున్న ఇద్దరు నిరాశ్రయుల వద్ద కొవ్వొత్తి పడిపోయి నిప్పు పుట్టింది. వారు ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయారు. సాయంత్రం ఆరు గంటలు దాటాక పొగ కనిపించి సమాచారం అందింది. లోపల నిరాశ్రయులు ఉండవచ్చని తెలిసి సిబ్బంది వెతకడానికి వెళ్లారు. కొంతసేపటికి ఇద్దరు పొగలో దారి తప్పారు. రేడియోలో సహాయం కోరారు, కాని తామెక్కడ ఉన్నదీ చెప్పలేకపోయారు. వారిని వెతకబోయిన వారిలో మరో నలుగురు తిరిగి రాలేదు. ఇంకా చాలామంది లోపలికి వెళ్లడానికి సిద్ధంగా మెట్ల దగ్గర నిలబడ్డారు.

అప్పుడు సంఘటన స్థలంలో ఉన్న జిల్లా అధికారి మైక్ మెక్‌నామీ గుమ్మానికి అడ్డంగా నిలబడి, ఇక ఎవరూ లోపలికి వెళ్లరాదని ఆజ్ఞాపించాడు. లోపలున్నవారు ఏళ్ల తరబడి కలిసి పనిచేసిన సహచరులు. అడ్డుకున్నవారిలో కొందరు ఆయనతో వాదించారు, కొందరు కన్నీరు పెట్టుకున్నారు. ఆయన కదలలేదు. భవనాన్ని ఖాళీ చేయించి బయటి నుంచే నీరు కొట్టించారు. ఆరుగురి అవశేషాలను పూర్తిగా వెలికితీయడానికి ఎనిమిది రోజులు పట్టింది. ఎవరి కోసం వెతికారో ఆ ఇద్దరూ అగ్నిమాపక దళం రాకముందే బయటపడ్డారని తరువాత తేలింది.

ఆనాటి వార్తలలో ప్రపంచమంతా ఆ ఆరుగురి త్యాగాన్ని చెప్పుకున్నది, అది న్యాయమే. అయితే తరువాతి సంవత్సరాలలో అగ్నిమాపక శిక్షణలో ఎక్కువగా చర్చకు వచ్చినది గుమ్మం దగ్గర తీసుకున్న నిర్ణయం. లోపలికి పంపమని కోరుతున్న మనుషులను ఆపడానికి కావలసిన ధైర్యం మంటల్లోకి వెళ్లడానికి కావలసినదానికంటే తక్కువేమీ కాదు. ఆ ఆజ్ఞ ఎంతమందిని బతికించిందో ఎవరూ లెక్కకట్టలేరు కనుక దానికి తగిన పతకం ఏదో చెప్పడం కష్టం.

ఫీనిక్స్ పద్ధతి

ప్రమాదాన్ని ఎప్పుడు ఎంతవరకు స్వీకరించాలనే ప్రశ్నకు అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్ నగర అగ్నిమాపక శాఖ స్పష్టమైన సూత్రం ఇచ్చింది. దీర్ఘకాలం ఆ శాఖకు అధిపతిగా ఉన్న అలన్ బ్రునాచినీ దీనికి ప్రాచుర్యం కల్పించాడు. కాపాడగలిగిన ప్రాణం కోసం ఆలోచించి పెద్ద ప్రమాదానికి సిద్ధపడవచ్చు. కాపాడగలిగిన ఆస్తి కోసం స్వల్ప ప్రమాదానికి సిద్ధపడవచ్చు. ఇప్పటికే పోయిన ప్రాణానికి గాని, ఆస్తికి గాని ఏ ప్రమాదానికీ సిద్ధపడరాదు. వినడానికి తేలికైన ఈ సూత్రాన్ని పొగలో, అరుపుల మధ్య, సగం సమాచారంతో అన్వయించడం కష్టం. అందుకే లోపలికి వెళ్లే బృందం కాక బయట నిలబడి మొత్తం చూసే కమాండరు ఈ లెక్క వేయాలని బ్రునాచినీ బోధించాడు.

ఆ శాఖ కూడా నష్టం నుంచి తప్పించుకోలేదు. 2001 మార్చి 14న ఒక సూపర్ మార్కెట్ మంటలలో ఫీనిక్స్ ఉద్యోగి ఒకరు దారి తప్పి, గాలి అయిపోయి మరణించారు. తరువాత శాఖవారు ఖాళీ భవనాలలో వందలాది అభ్యాసాలు జరిపి, చిక్కుకున్న సహచరుని బయటకు తేవడానికి ఎంత శ్రమ పడుతుందో కొలిచారు. ఒక్కరిని బయటకు తేవడానికి సగటున 12 మంది, సుమారు 21 నిమిషాలు అవసరమయ్యాయి. అంతేకాక కాపాడడానికి వెళ్లిన ప్రతి ఐదుగురిలో ఒకరు తామే ఏదో ఒక ఇబ్బందిలో పడ్డారు. వీపున మోసుకెళ్లే సిలిండరులోని గాలి శ్రమపడి పనిచేసేటప్పుడు సాధారణంగా అంతసేపు కూడా రాదు. దుస్సాహసం చేసినవాడు పణంగా పెట్టేది తన ప్రాణం ఒక్కటే కాదన్న సంగతి ఈ అంకెలతో తేటతెల్లమైంది.

అమెరికా కార్మిక భద్రతా సంస్థ 1998లో శ్వాస పరికరాల నిబంధనలలో చేర్చిన "ఇద్దరు లోపల, ఇద్దరు బయట" నియమం కూడా ఇదే కోవకు చెందినది. ప్రాణాంతక వాతావరణంలోకి ఇద్దరికి తక్కువ కాకుండా కలిసి వెళ్లాలి, వారిని కాపాడడానికి మరో ఇద్దరు బయట సిద్ధంగా ఉండాలి. తక్షణం మనిషిని కాపాడవలసి వచ్చినప్పుడు మాత్రం బయటివారి కోసం ఆగనక్కరలేదని అదే నియమం మినహాయింపునిచ్చింది.

అడవి మంటలలో వచ్చిన మార్పు

అడవి మంటలతో పోరాడే దళాలలో ఈ ఆలోచన ఇంకా ముందే మొదలైంది. 1949 ఆగస్టు 5న మోంటానా రాష్ట్రంలోని మాన్ గల్చ్ లోయలో పారాచూట్లతో దిగిన బృందాన్ని ఎండుగడ్డి మంట తరిమింది. బృంద నాయకుడు వాగ్నర్ డాడ్జ్ పరుగు ఆపి, తన ముందున్న గడ్డికి తానే నిప్పు పెట్టి, అది కాలిపోయిన నేలమీద పడుకొని ప్రాణం దక్కించుకున్నాడు. తోటివారిని కూడా అందులోకి రమ్మని పిలిచాడు. ఎన్నడూ చూడని ఆ పనిని వారు అర్థం చేసుకోలేక కొండపైకి పరుగెత్తారు. 16 మందిలో 13 మంది చనిపోయారు.

1956 వరకు జరిగిన ఇటువంటి ప్రాణనష్టాలను అధ్యయనం చేసి 1957లో అమెరికా అటవీ సేవ పది ప్రామాణిక ఆజ్ఞలను రూపొందించింది. వాటిలో ఒకటి మంటతో దూకుడుగా పోరాడమంటూనే భద్రతకు మొదటి స్థానమివ్వమని చెప్పింది. ప్రస్తుతం వాడుకలో ఉన్న రూపంలో ముందు భద్రతా ఏర్పాట్లు చేసుకొని ఆ తరువాతనే దూకుడుగా పోరాడాలన్న అర్థం మరింత స్పష్టంగా ఉన్నది. కాపలా మనిషి, సమాచార సంబంధం, తప్పించుకునే దారి, సురక్షిత స్థలం అనే నాలుగూ సిద్ధంగా లేకుండా పని మొదలుపెట్టరాదన్న సూత్రాన్ని 1991లో పాల్ గ్లీసన్ ప్రతిపాదించాడు. ఆయన పేరిట నెలకొల్పిన పురస్కారం ఒక్క రోజు సాహసానికి కాక, తోటివారికి ఆదర్శంగా నిలిచే నాయకత్వానికి ఇస్తారు.

ఆజ్ఞలు ఉన్నంత మాత్రాన అవి అమలైనట్లు కాదు. 1994 జులై 6న కొలరాడో రాష్ట్రంలో స్టార్మ్ కింగ్ పర్వతం మీద 14 మంది మరణించారు. వెనుక మంట తరుముతున్నా కొందరు రంపం వంటి పనిముట్లను వదలకుండా కొండ ఎక్కారు. పనిముట్టు పారవేస్తే తేలికగా పరుగెత్తవచ్చునని తెలియక కాదు. పనిముట్టు అగ్నిమాపక ఉద్యోగికి గుర్తింపు చిహ్నం వంటిది, దానిని పారవేయడం ఓటమిని ఒప్పుకోవడమని అతనికి అనిపిస్తుంది. సంస్థల ప్రవర్తనను అధ్యయనం చేసిన కార్ల్ వీక్ ఈ ధోరణిని మాన్ గల్చ్‌తో పోల్చి విశ్లేషించాడు.

ఈ దళాల జేబు మార్గదర్శిలో ఉన్న ఒక భాగం ప్రత్యేకంగా చెప్పుకోదగ్గది. అప్పగించిన పని ప్రమాదకరమని భావిస్తే దానిని ఎలా నిరాకరించాలో అది వివరిస్తుంది. నిరాకరించేవారు కారణం చెప్పాలి, వీలైతే మరో మార్గం సూచించాలి. పై అధికారి అదే పనిని మరొక బృందానికి ఇవ్వదలిస్తే, మొదటి బృందం ఎందుకు కాదన్నదో వారికి తప్పక చెప్పాలి. ఈ చివరి షరతు వలన నిరాకరణ పిరికితనంగా కాక, తరువాతి బృందానికి ఉపయోగపడే సమాచారంగా మారుతుంది.

టాంపా సమావేశం, నిత్య జీవితంలోని భద్రత

2001 సెప్టెంబరు 11న న్యూయార్కులో 343 మంది అగ్నిమాపక సిబ్బంది మరణించిన తరువాత వారి వీరత్వం గురించిన భావన శిఖరానికి చేరింది. అయినా ఏటా సుమారు వంద మంది అమెరికన్ అగ్నిమాపక సిబ్బంది విధి నిర్వహణలో చనిపోతూనే ఉన్నారు. 2004లో ఫ్లోరిడాలోని టాంపాలో జరిగిన సమావేశం ప్రాణరక్షణకు 16 అంశాల కార్యక్రమాన్ని ప్రకటించింది. అందులో మొదటిది భద్రత విషయంలో సంస్కృతి మారాలన్నది. నాలుగవది ప్రమాదకరమైన పనిని ఆపే అధికారం ప్రతి ఉద్యోగికీ ఉండాలన్నది.

ఆ మరణాల కారణాలు చూస్తే సాధారణ పాఠకులకు ఆశ్చర్యం కలుగుతుంది. వాటిలో సగానికి దగ్గరగా గుండెపోటు వంటి హృదయ సంబంధమైనవి. తరువాతి స్థానం వాహన ప్రమాదాలది. అంటే వ్యాయామం చేసేవారినీ, ఫైరింజనులో సీటు బెల్టు పెట్టుకొనేవారినీ, కూడలి వద్ద వేగం తగ్గించే డ్రైవరునూ మెచ్చుకోవడం వలన దక్కే ప్రాణాలు ఎక్కువ. ఒకప్పుడు ఫైరింజను వెనుక మెట్టుమీద నిలబడి వేలాడుతూ వెళ్లడం గర్వకారణంగా ఉండేది. 1987లో వచ్చిన జాతీయ ప్రమాణం తరువాత అది క్రమంగా అంతరించింది.

మసిపట్టిన హెల్మెట్ కూడా ఇటువంటిదే. ఎంత నల్లబడితే అంత అనుభవజ్ఞుడని అర్థం, కొత్తవారు దానిని చూసి అసూయపడేవారు. ఆ మసిలో క్యాన్సరు కారకాలున్నాయి. 2022లో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ అగ్నిమాపక వృత్తిని మనుషులలో క్యాన్సరు కలిగించే వాటిలో మొదటి వర్గంలో చేర్చింది. మంట ఆరిన వెంటనే దుస్తులు కడిగించి, మురికి సామగ్రిని సిబ్బంది కూర్చునే చోటికి రానివ్వని కేంద్రాన్ని ఆదర్శంగా చూపడం ఈ కొత్త సంస్కృతిలో భాగమైంది.

ప్రోత్సాహక విధానంలో పొరపాటుకు కూడా అవకాశమున్నది. గాయాలు లేని నెలకు బహుమతి అని ప్రకటిస్తే గాయాలు తగ్గకపోవచ్చు గాని, గాయాల నివేదికలు తప్పక తగ్గుతాయి. బహుమతి పోతుందని సహచరులు నొప్పిని దాచుకోమంటారు. ఆ కారణంగా ప్రమాదం లేకపోవడానికి కాక, ప్రమాదాన్ని బయటపెట్టడానికి గౌరవం ఇవ్వడం మేలైన పద్ధతి. 2005లో అమెరికాలో మొదలైన "తృటిలో తప్పిన ప్రమాదాల" నివేదిక వ్యవస్థ ఇందుకు ఉదాహరణ. విమానయాన రంగంలో 1976 నుంచి ఉన్న పద్ధతిని అనుసరించి, ఉద్యోగులు పేరు బయటపడకుండా, శిక్ష భయం లేకుండా తమ అనుభవాన్ని ఇతర దళాలకు తెలిపే వీలు కల్పించారు.

భారతదేశంలో

భారతదేశంలో ఏప్రిల్ 14న అగ్నిమాపక సేవా దినోత్సవం జరుపుతారు. 1944లో ఆ రోజున బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికీన్ అనే నౌక అంటుకున్నది. అందులో పత్తి బేళ్లతోపాటు సుమారు 1,400 టన్నుల పేలుడు పదార్థాలు ఉన్నాయి. మంటలార్పుతుండగా నౌక పేలి 66 మంది అగ్నిమాపక సిబ్బంది మరణించారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలతో సహా అన్ని రాష్ట్రాలలో ఆ రోజు నుంచి 20వ తేదీ వరకు వారోత్సవాలు జరిపి ప్రజలకు జాగ్రత్తలు బోధిస్తారు. ఆ వారంలో బోధన ఎక్కువగా ప్రజల భద్రత గురించే ఉంటుంది, సిబ్బంది భద్రత గురించి తక్కువ.

2015 మే 9న ముంబయిలోని కాల్బాదేవి ప్రాంతంలో మంటల్లో ఉన్న పాత నివాస భవనం కూలి నలుగురు ఉన్నతాధికారులు మరణించారు. వారిలో నగర ముఖ్య అగ్నిమాపక అధికారి సునీల్ నేస్రికర్ ఒకరు. నలుగురు సీనియర్లు ఒకేసారి ఒకే చోట చిక్కుకోవడం ఆ దళానికి తీరని లోటైంది. అధికారి ముందు నడవాలన్న సంప్రదాయం ఎంత గొప్పదైనా, కమాండరు బయట నిలబడాలన్న ఫీనిక్స్ బోధన ఎందుకు పుట్టిందో ఇటువంటి సంఘటనలు చెబుతాయి. 2021 మార్చి 8న కోల్‌కతాలోని స్ట్రాండ్ రోడ్డులో రైల్వే కార్యాలయ భవనం 13వ అంతస్తులో మంటలు లేచాయి. పైకి త్వరగా చేరాలని లిఫ్టులో వెళ్లి తొమ్మిది మంది మరణించారు. వారిలో నలుగురు అగ్నిమాపక సిబ్బంది. మంటల సమయంలో సాధారణ లిఫ్టు వాడరాదన్నది ఏ కార్యాలయపు గోడమీదనైనా కనిపించే నియమం. మృతుల కుటుంబాలకు పరిహారం, ఉద్యోగం ప్రకటించారు.

కేంద్ర ప్రభుత్వం గణతంత్ర, స్వాతంత్ర్య దినోత్సవాల సందర్భంగా అగ్నిమాపక సిబ్బందికి పతకాలు ప్రకటిస్తుంది. శౌర్య పతకం ఒక సంఘటనలోని సాహసాన్ని, సేవా పతకం దీర్ఘకాలపు విధి నిర్వహణను చూస్తుంది. సరైన సమయంలో బృందాన్ని వెనక్కి రప్పించిన ఒక్క నిర్ణయం ఈ రెండింటిలోనూ సులభంగా ఇమడదు.

విమర్శలు

భద్రతకు ఇచ్చే ప్రాధాన్యం అతిగా మారితే ప్రజలు నష్టపోతారన్న విమర్శ బలమైనది. 2008 జులైలో స్కాట్లాండులోని గాల్‌స్టన్ వద్ద ఒక మహిళ పాత గని గుంటలో పడింది. అక్కడికి చేరుకున్న సిబ్బంది తాళ్ల సామగ్రి ఉన్నా, నియమాలు ఒప్పుకోవని ఆమెను పైకి లాగకుండా గంటల తరబడి ఆగారు. ఆమె మరణించింది. 2011లో వెలువడిన విచారణ నివేదిక నియమాలను గుడ్డిగా పట్టుకొని వేలాడటాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. దీనికి పూర్తిగా వ్యతిరేక దిశలో ఇంగ్లండులోని ఆథర్‌స్టోన్-ఆన్-స్టౌర్ ఉదంతం ఉన్నది. 2007 నవంబరులో అక్కడి కూరగాయల గిడ్డంగి మంటలలో నలుగురు సిబ్బంది మరణించగా, ముగ్గురు అధికారులపై హత్యానేర స్థాయి నిర్లక్ష్యం అభియోగం మోపారు. 2012లో వారు నిర్దోషులుగా విడుదలయ్యారు. కమాండర్లు ఇటు ఆగినా, అటు పంపినా బోనెక్కవలసి వస్తుందన్న భయం ఆ తరువాత చర్చలలో తరచుగా వినిపించింది. బ్రిటిషు ఆరోగ్య, భద్రతా కార్యనిర్వాహక సంస్థ 2010లోనే ఈ సమతుల్యం గురించి ఒక ప్రకటన చేసి, ప్రాణాలు కాపాడడానికి తెలిసి స్వీకరించిన ప్రమాదాన్ని చట్టం దృష్టిలో నిర్లక్ష్యంగా చూడనక్కరలేదని స్పష్టం చేయడానికి ప్రయత్నించింది.

2017 మే 22న మాంచెస్టరు అరీనా వద్ద బాంబు పేలినప్పుడు ఈ ప్రశ్న మరింత తీవ్రంగా ఎదురైంది. సమీపంలోనే అగ్నిమాపక కేంద్రం ఉన్నా, సాయుధ దుండగుడు ఇంకా తిరుగుతుండవచ్చన్న అనుమానంతో సిబ్బందిని కొన్ని మైళ్ల దూరంలోని మరో కేంద్రానికి పంపారు. వారు సంఘటన స్థలానికి చేరేసరికి రెండు గంటలు దాటింది. 2018లో వచ్చిన కెర్స్‌లేక్ నివేదిక, 2022లో వచ్చిన ప్రభుత్వ విచారణ నివేదిక రెండూ ఆ ఆలస్యాన్ని తప్పుపట్టాయి. వెళ్లడానికి తాము సిద్ధంగా ఉన్నామని, తమను ఆపారని అనేకమంది సిబ్బంది బాధతో చెప్పుకున్నారు.